నల్లరేగడి ప్లాటులో పునాది: ఏ రకం వేయాలో తేల్చుకున్న తీరు

వరంగల్ దగ్గర హసన్‌పర్తి వైపు నా 200 గజాల ప్లాటు. వెడల్పు 36 ఫీట్లు, పొడుగు 50 ఫీట్లు. కింద ఒక అంతస్తు, పైన ఒకటి, ఒక్కోటి సుమారు వెయ్యి చదరపు ఫీట్లు, మొత్తం 12 పిల్లర్లు. ప్లాను చేతికొచ్చిన రోజు నుంచే పునాది మీద తలా ఒక మాట. "పక్కింటికి నాలుగు ఫీట్లే తీసినం సార్, ఏం కాలే, మనకూ అంతే చాలు" అన్నాడు సుతారి మేస్త్రి. ఇంటి అడుగంతా ఒకే కాంక్రీటు పలకలా పరిచే రాఫ్ట్ వేసేస్తే బెంగ ఉండదని ఒకరు, రాతి పునాదిని మించింది లేదని ఇంకొకరు. ఈ మూడు మాటలూ ఎక్కడో ఒకచోట నిజమే. కానీ ఈ ప్లాటు కింద ఏముందో చూడకుండా చెప్పిన మాటలు కాబట్టి ఇక్కడికి ఏది పనికొస్తుందో వాటిలో తేలదు.

వరంగల్ చుట్టుపక్కల నేల ఒక్క తీరుగా ఉండదు. పద్మాక్షి గుట్ట, భద్రకాళి గుట్టల దగ్గర బండ పైకే తేలి కనిపిస్తుంది. గుట్ట వాలు దిగితే ఎర్ర చెల్క, దాని కింద మొరం. ఇంకా పల్లానికి, చెరువుల కింది పొలాల్లోకి పోతే నల్లరేగడి. గ్రానైటు అరిగినప్పుడు గరుకు భాగం గుట్ట దగ్గర్లోనే నిలిచిపోతుంది. మెత్తటి బంకమన్ను నీళ్లతో కొట్టుకుపోయి పల్లంలో పేరుకుంటుంది. అందుకే ఒకే వెంచర్‌లో పై వరుస ప్లాటుకు రెండు ఫీట్లకే మొరం తగిలితే, కింది వరుస ప్లాటుకు ఏడు ఫీట్లు తీసినా నల్లమట్టే రావచ్చు. పక్కింటి లెక్క మనకు పనికిరాదనేది ఇందుకే.

గుంత తీయించే ముందు ఒక పని మాత్రం తప్పకుండా చేయాలి. ఆ భూమిని ప్లాట్లు కాకముందు సేద్యం చేసినవాళ్లను వెతికి అడగాలి. వెంచర్లు చేసేటప్పుడు పాత వ్యవసాయ బావుల్ని పూడ్చి, మీద మొరం పరిచి, ముగ్గు పోసి అమ్మేస్తారు. పూడ్చిన బావి మీద పిల్లర్ పడితే మామూలు పునాది ఏదీ కాపాడదు, ఎందుకంటే ఆ పూడిక ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది. నేను అడిగితే ఒక పెద్దాయన ప్లాటు దాకా వచ్చి, చేయి చాపి, "ఈడ కాదు బిడ్డా, బాయి ఆ తుమ్మచెట్టు కాడుండె" అని చూపించాడు. అది నా ప్లాటు దాటి రెండు ప్లాట్ల అవతల. గ్రామ నక్షాలో కూడా బావులు, కాలువలు, చెరువు శిఖం హద్దులు కనిపిస్తాయి. పెద్దల మాటనూ నక్షానూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

తర్వాత పరీక్ష గుంతలు. రెండు తీయించాను. ఒకటి ఈశాన్యం వైపు పల్లంలో, రెండోది నైరుతి వైపు మెరకలో. పిల్లర్ వచ్చే చోట పరీక్ష గుంత తీయకూడదు. తీస్తే అక్కడి నేల కదిలిపోతుంది, తర్వాత దాన్ని నింపినా పాత గట్టిదనం రాదు. రెండు పిల్లర్ల మధ్య ఖాళీలో తీయాలి. ఎండలు ముదిరిన ఏప్రిల్ నెల దీనికి మంచి కాలం, పగుళ్లు ఎంత లోతుకు పోయాయో కంటికి కనిపిస్తుంది. లోతు 9 ఫీట్లు తీయించాను. నల్లరేగడి గోడ నిటారుగా నిలబడి ఉన్నట్టే కనిపిస్తుంది, కానీ పగులు వెంట పెళ్ల విరిగి ఒక్కసారిగా పడుతుంది. నాలుగైదు ఫీట్లు దాటిన గుంతలోకి దిగాలంటే ఒక పక్క మెట్లలా తీయించాలి, తీసిన మట్టిని అంచు నుంచి కనీసం మూడు ఫీట్ల దూరం వేయించాలి.

ఈశాన్యం గుంత గోడ ఇలా ఉంది. పైన ఒక ఫీటు, వెంచర్ వాళ్లు పరిచిన మొరం, అందులో ఇటుక ముక్కలు. దాని కింద నల్లరేగడి మొదలు. వేలు దూరేంత పగుళ్లు మూడు ఫీట్ల దాకా దిగాయి, ఆ పగుళ్లలోకి పైనుంచి మొరం రాలి ఎర్రటి చారలు కట్టింది. గడ్డపారతో ఒక పెళ్ల విరిస్తే లోపలి ముఖం నూనె రాసినట్టు మెరిసింది. ఆ మెరుపును తేలిగ్గా తీసుకోవద్దు. మట్టి ఏటా ఉబ్బి, ఎండి, ఒకదానిమీద ఒకటి జారి రుద్దుకుంటేనే అలా నునుపు తేలుతుంది. నాలుగు ఫీట్ల దగ్గర తెల్లటి సున్నపు గులకలు కనిపించాయి. అయిదున్నర ఫీట్ల దగ్గర రంగు మారి గోధుమ, ఆ తర్వాత పసుపు. ఆరు అంగుళాల మేర నల్లమట్టీ మొరమూ కలిసిన జిగట పొర ఒకటి వచ్చింది. దాని కింద అసలు మొరం, గులాబీ రంగు పలుకులతో గరగరలాడుతూ, గడ్డపార దెబ్బకు గుప్పెడు గుప్పెడుగా ఊడింది తప్ప దిగబడలేదు. నైరుతి గుంతలో ఇవే పొరలున్నాయి, కాకపోతే నల్లమట్టి మూడు ఫీట్లకే ఆగింది.

ఒకే ఇంటి కింద ఒక మూల మూడు ఫీట్లు, ఎదుటి మూల అయిదున్నర. సుతారి చెప్పిన నాలుగు ఫీట్ల లెక్కతో పోతే సగం పిల్లర్లు మొరం మీద, సగం నల్లమట్టి మీద నిలబడేవి. ఇల్లు మొత్తం ఒకే తీరుగా అంగుళం కుంగినా పెద్దగా నష్టం ఉండదు. సగం కదలకుండా, సగం ఏటా లేచి దిగుతుంటే గోడలు పగలక తప్పదు.

మట్టి ఎంత ఉబ్బుతుందో చూసే పరీక్ష చాలా సులువు. భారతీయ ప్రమాణాల (ఐఎస్) పుస్తకాల్లో ఐఎస్ 2720, 40వ భాగం దీనికోసమే ఉంది. బాగా ఆరబెట్టి, నలగ్గొట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టిన మట్టిని పదేసి గ్రాములు, 100 మిల్లీలీటర్ల గీతల గాజు జాడీలు రెండింటిలో పోస్తారు. ఒకదానిలో డిస్టిల్డ్ వాటర్, ఇంకోదానిలో కిరోసిన్. గాలి బుడగలు పోయేదాకా కలిపి 24 గంటలు వదిలేయాలి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. నా మట్టి కిరోసిన్ జాడీలో 12 గీత దగ్గర ఆగింది, నీళ్ల జాడీలో 22 దాకా లేచింది. తేడా 10, దాన్ని 12తో భాగించి వందతో గుణిస్తే 83 శాతం. ఐఎస్ 1498 లెక్కన 50 లోపు తక్కువ, 50 నుంచి 100 మధ్యస్థం, 100 నుంచి 200 ఎక్కువ, 200 దాటితే చాలా ఎక్కువ. కింది మొరంతో అదే పరీక్ష చేస్తే 11, 12 గీతలు వచ్చాయి, అంటే 9 శాతం. నీళ్ల జాడీలో నల్లమట్టి జావలా పొంగి నిలబడితే, పక్కన మొరం అడుగున ఇసుకలా కూర్చుంది. ఈ రెండు జాడీలు పక్కపక్కన పెట్టి చూపించాక సుతారి మేస్త్రి కూడా నాలుగు ఫీట్ల మాట మళ్లీ ఎత్తలేదు.

ఇది ఇంటి దగ్గర చూసుకోవడానికే, డిజైనుకు ల్యాబ్ రిపోర్టు కావాలి. రెండు గుంతల నుంచి, పొర మారిన ప్రతిచోటా ఒక నమూనా తీసి, లోతు రాసి, ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి పంపాలి. రిపోర్టులో నల్లమట్టికి లిక్విడ్ లిమిట్ (మట్టి జావలా మారే తేమ శాతం) 58, ప్లాస్టిసిటీ ఇండెక్స్ (మట్టి ముద్దలా ఒదిగే తేమ మేర) 32 వచ్చాయి. ఈ అంకెల లెక్కన ఇది బాగా ఉబ్బే బంకమన్ను తరగతి. మొరం పొర చదరపు మీటరుకు 20 టన్నులు నిశ్చింతగా మోస్తుందని ఇచ్చారు. రిపోర్టు తీసుకునేటప్పుడు ఒకటి గమనించాలి. ఆ 20 టన్నుల అంకె ఏ లోతుకు, ఏ పొరకు ఇచ్చారో రాసి ఉండాలి. లోతు లేని అంకె కాగితం మీద బాగుంటుంది, గుంతలో అక్కరకు రాదు.

ఇక ఏ రకం పునాది అన్న లెక్క.

రాతి పునాదికి మన దగ్గర మంచి పేరుంది, అది ఊరికే వచ్చింది కాదు. ఎర్ర చెల్కలో రెండు మూడు ఫీట్లకే మొరం తగిలే చోట, గోడల మీద స్లాబు నిలిపే ఇల్లయితే, అడుగున రెండున్నర ఫీట్ల వెడల్పుతో మొదలుపెట్టి మెట్లుగా తగ్గిస్తూ కట్టిన గ్రానైటు రాళ్ల పునాది ఇప్పటికీ చవకైనదే, గట్టిదే. నా ప్లాటులో లెక్క తిరగబడింది. గోడల పొడుగు అన్నీ కలిపి 220 ఫీట్లు. అంత పొడుగునా మొరం దాకా కందకం తీసి, సగటున రెండు ఫీట్ల వెడల్పు, ఏడు ఫీట్ల లోతున రాయి కట్టాలంటే మూడు వేల ఘనపు ఫీట్లు దాటుతుంది. పిల్లర్ ఫుటింగులైతే, అంటే ఒక్కో పిల్లర్ కింద విడిగా వేసే కాంక్రీటు దిమ్మెలైతే, అదే మొరాన్ని 12 చోట్ల తాకితే చాలు.

రాఫ్ట్ సంగతి. 30 ఫీట్లు, 38 ఫీట్లు, ఒక ఫీటు మందం అనుకుంటే 1,140 ఘనపు ఫీట్ల కాంక్రీటు, అంటే 32 ఘనపు మీటర్లు, మీదికి రెండున్నర నుంచి మూడు టన్నుల స్టీలు. ఖర్చు ఒక ఎత్తయితే, నల్లరేగడి మీద పైపైన పరిచిన రాఫ్ట్‌కు వేరే ఇబ్బంది ఉంది. వానాకాలంలో ఇంటి చుట్టూ మట్టి తడిసి అంచులు లేస్తాయి, నడుమ భాగం పొడిగా ఉండి లేవదు. ఎండాకాలం అంచులు దిగుతాయి. ఆ వంపును తట్టుకునే గట్టి బీములతో చేసిన రాఫ్ట్ వేరు, మామూలుగా "కింద స్లాబు" అని వేసేది వేరు. బలం తక్కువ నేల చాలా లోతు దాకా ఉండి, ఫుటింగులు ఒకదానికొకటి తగిలేంత పెద్దవైతే అప్పుడు రాఫ్ట్ గురించి ఆలోచించాలి.

అండర్ రీమ్డ్ పైల్ నల్లరేగడి కోసమే పుట్టిన పద్ధతి, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ దీన్ని వాడుకలోకి తెచ్చింది. సన్నటి గుండ్రటి రంధ్రం తొలిచి, అడుగున గంట ఆకారంలో వెడల్పు చేసి కాంక్రీటు నింపుతారు. కాండం ఎంత ఉంటే గంట దానికి రెండున్నర రెట్లు. ఐఎస్ 2911 మూడో భాగం ప్రకారం ఉబ్బే నేలల్లో కనీసం మూడున్నర మీటర్ల లోతు, ఎందుకంటే అంత లోతున తేమ ఏడాది పొడవునా పెద్దగా మారదు. 300 మిల్లీమీటర్ల పైల్ ఒక్క గంటతో సుమారు 16 టన్నులు మోస్తుంది. నా లెక్కన నడిమి పిల్లర్లు రెండింటికి మూడేసి, అంచు పిల్లర్లు ఆరింటికి రెండేసి, మూలలు నాలుగింటికి ఒక్కోటి, మొత్తం 22 పైల్స్. కానీ అయిదున్నర ఫీట్లకే గట్టి మొరం, అందులో గుండ్లు ఉన్నచోట రంధ్రం తొలిచే ఆగర్ తిరగదు, గంట తెగదు. నల్లమట్టి పది పన్నెండు ఫీట్లు దాటిన చోట మాత్రం నేను కళ్లు మూసుకుని ఇదే ఎంచుకునేవాడిని.

మిగిలింది మొరం దాకా దించిన విడి ఫుటింగులు. నడిమి పిల్లర్ మీద రెండు అంతస్తుల బరువు దాదాపు 40 టన్నులు. ఫుటింగుకూ మీది మట్టికీ ఇంకో పది శాతం కలిపితే 44. దాన్ని 20తో భాగిస్తే 2.2 చదరపు మీటర్లు, అంటే 5 ఫీట్లు పొడుగు, 5 ఫీట్లు వెడల్పు. అంచు పిల్లర్లకు 4 ఫీట్ల చదరం చాలు. మూల పిల్లర్లకు ఇంకా చిన్నది చాలుతుంది, అయినా ఫుటింగులో వేసే రాడ్ల జాలీ కొలతలు రెండు రకాలకే పరిమితమైతే రాడ్లు వంచే బెండింగ్ వాళ్లు తప్పు చేయరని అవీ 4 ఫీట్లే పెట్టించాను. అదే నాలుగు ఫీట్ల లోతున నల్లమట్టి మీదే ఆపి, చదరపు మీటరుకు 10 టన్నులే తీసుకుంటే, నడిమి ఫుటింగు 7 ఫీట్ల చదరం అయ్యేది. అంత పెద్దది వేసినా ఉబ్బు మాత్రం ఆగేది కాదు. "నేల బలం తక్కువైతే ఫుటింగు పెద్దది వేద్దాం" అనే మాట కుంగుడుకు మందేమో గానీ ఉబ్బుకు కాదు. పైగా ఉబ్బే నేలలో తేలిక ఇంటికే దెబ్బ ఎక్కువ. బరువైన ఇల్లు మట్టిని కొంతైనా అదుముతుంది, ఒక్క అంతస్తు ఇంటిని మట్టి సులువుగా ఎత్తేస్తుంది.

ఇక్కడ ఇసుక సంగతి చెప్పాలి. పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది, 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది, ఇసుక పెట్టె పునాది మీద నిలబడిందని అందరికీ తెలుసు. అది చూసి, గుంతలో రెండు ఫీట్ల ఇసుక నింపితే నల్లరేగడి ఏమీ చేయదని చాలామంది నమ్ముతారు. కాకతీయుల స్థపతుల మీద ఎంత గౌరవం ఉన్నా, మన చిన్న గుంతలో పోసిన ఇసుక ఆ పునాది అయిపోదు. చుట్టూ నల్లమట్టి ఉన్న గుంతలో ఇసుక నింపితే వాన నీళ్లన్నీ అందులోకే దిగి నిలుస్తాయి, పక్కన, అడుగున ఉన్న మట్టికి ఏడాదంతా తేమ అందుతుంది. నింపాల్సింది ఇసుక కాదు, కాస్త జిగురు ఉండి ఉబ్బని మట్టి. బొంబాయి ఐఐటీలో ఆచార్య కట్టి పరిశోధించి చెప్పిన సీఎన్‌ఎస్ పొర ఇదే. మన మొరంలో మంచి రకం దానికి సరిపోతుంది. నీళ్లు చల్లి పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి, చేతికి సబ్బులా అంటకూడదు.

తవ్వకం రోజుకు వద్దాం. ముహూర్తానికి ఈశాన్యంలో ఒక్క గుంత తీసి పూజ చేయించి, మిగతావి కంకర, ఇసుక, సిమెంటు, జాలీలు అన్నీ ప్లాటులోకి వచ్చాకే తీయించాను. గుంతలు ముందే తీసి వారం పది రోజులు వదిలేస్తే మొరం ఎండకు పొడి రాలుతుంది, వానొస్తే పై మూడు నాలుగు అంగుళాలు మెత్తబడుతుంది. అలా మెత్తబడితే ఆ పొరను చెక్కి తీసేశాకే ఫుటింగు కింద పరిచే కాంక్రీటు బెడ్ వేయాలి. లోతు ఈశాన్యంలో 7 ఫీట్లు, నైరుతిలో 5 ఫీట్లు. జిగట పొర పూర్తిగా దాటి, అసలు మొరంలోకి కనీసం ఒక ఫీటు దిగాలన్నదే నియమం, అంకె దాన్నిబట్టే వచ్చింది. పక్కపక్క ఫుటింగుల అడుగులు వేర్వేరు లోతుల్లో ఉన్నప్పుడు వాటి దగ్గరి అంచుల్ని కలిపే గీత రెండుకు ఒకటి కంటే నిటారుగా ఉండకూడదు. రెండు అంచుల మధ్య నాలుగు ఫీట్ల దూరం ఉంటే లోతు తేడా రెండు ఫీట్లు మించరాదన్నమాట.

రెండు గుంతలు ఇబ్బంది పెట్టాయి. ఒకదాన్ని జేసీబీ ఒక ఫీటు ఎక్కువ తీసింది. కూలీ మంచితనానికి పోయి, వదులు మట్టి లోపలికి లాగి, కాలితో తొక్కి లెవెల్ చేసిపెట్టాడు. పైనుంచి చూస్తే తేడా తెలియలేదు. గడ్డపార జారవిడిస్తే మూరెడు దిగబడింది. ఆ మట్టంతా ఎత్తించి, లోటు లోతును సిమెంటు, ఇసుక, కంకర 1:4:8 పాళ్ల కాంక్రీటుతో నింపాం. ఎక్కువ తీసిన గుంతను మట్టితో పూడ్చడం పునాది పనిలో అన్నింటికంటే ఎక్కువగా జరిగే తప్పు, బెడ్ పడిందంటే ఇక ఎవరికీ కనిపించదు. అందుకే ప్రతి గుంతలో నాలుగు మూలలా, నడుమ గడ్డపార దించి చూడాలి, జేసీబీ పళ్లు కదిలించిన చివరి ఆరు అంగుళాలు మనుషులతో తీయించాలి.

రెండోది ఆగ్నేయంలో. అయిదు ఫీట్లకే బండ తగిలిందని, అక్కడే ఆపేద్దామని అన్నారు. మన మొరంలో గుండ్లు ఉంటాయి. చుట్టూ అంతా మొరంగా మారిపోయినా నడుమ అరగకుండా మిగిలిన గ్రానైటు ముద్దలవి. పరుపు బండ అనుకుని ఫుటింగు పెడితే సగం గుండు మీద, సగం మొరం మీద కూర్చుంటుంది. చుట్టూ తవ్వి చూస్తే మూడు ఫీట్ల పొడుగు గుండు, కింద మళ్లీ మొరమే. బ్రేకర్‌తో పగలగొట్టి తీయించి మిగతా లోతుకు దించాం. ఒకవేళ నిజంగా పరుపు బండే అయి, మిగతా పిల్లర్లు మొరం మీద ఉంటే, ఏం చేయాలో డిజైన్ చేసిన ఇంజినీరు వచ్చి చూసి చెప్పాలి. సుతారి నిర్ణయానికి వదలకూడదు.

బెడ్ కాంక్రీటు 1:4:8, నాలుగు అంగుళాల మందం, ఫుటింగు కంటే చుట్టూ ఆరేసి అంగుళాలు ఎక్కువ. 12 గుంతలకు కలిపి మూడు ఘనపు మీటర్లు, పది పదకొండు బస్తాల సిమెంటు. దాని మీద జాలీ: 5 ఫీట్ల ఫుటింగుకు 12 ఎంఎం రాడ్లు అడ్డం పది, నిలువు పది, 4 ఫీట్లదానికి ఎనిమిదేసి, చివరలు పైకి వంచి. అన్నింటికీ కలిపి జాలీల స్టీలు సుమారు 280 కిలోలు. కింద జాలీని బెడ్ నుంచి ఎత్తి పట్టే 50 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులు తప్పనిసరి. రాయి ముక్క పెట్టి జాలీ లేపడం మన దగ్గర అలవాటు, అది కాంక్రీటు పోసేటప్పుడు తొక్కిడికి జారిపోతుంది, జాలీ బెడ్‌కు అంటుకుంటుంది. ఫుటింగు మందం పెద్దవాటికి 16 అంగుళాలు, మిగతావాటికి 15. కాంక్రీటు ఎం20 గ్రేడు, మొత్తం ఏడున్నర ఘనపు మీటర్లు, దాదాపు 60 బస్తాలు. రాఫ్ట్‌కు వేసుకున్న 32 ఘనపు మీటర్ల పక్కన ఈ అంకె పెట్టి చూడండి. బస్తాకు నీళ్లు 25 లీటర్లు దాటనివ్వలేదు. కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర కొలత బకెట్ పెట్టి ఒక మనిషిని అక్కడే నిలబెడితే తప్ప ఈ ఒక్క నియమం నిలవదు, గుంతలోకి జారుడుగా పోవాలని నీళ్లు పోస్తూనే ఉంటారు.

క్యూరింగ్‌కు గుంతలో నీళ్లు నింపి వదలడం కూడా అలవాటే. నల్లరేగడి గోడల మధ్య అది వద్దు. తడి గోనె సంచులు కప్పి, ఆరకుండా పది రోజులు తడుపుతూ ఉంటే చాలు. తర్వాత చెదల మందు. క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ ఒక వంతుకు 19 వంతుల నీళ్లు, చేతికి గ్లౌజులు, ముఖానికి మాస్కు, దగ్గర్లో బావి గానీ బోరు గానీ ఉంటే ముందే మందు కొట్టేవాళ్లకు చెప్పాలి. గుంతలు పూడ్చడానికి తీసిన నల్లమట్టి వాడలేదు, మొరమే, ఆరేసి అంగుళాల పొరలుగా, ప్రతి పొరకూ నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టించి.

ఇంత చేసి చాలామంది ఓడిపోయేది గోడల కింద పిల్లర్లను కలుపుతూ పోసే ప్లింత్ బీమ్ దగ్గర. ఫుటింగులు మొరంలో భద్రంగా ఉంటాయి, బీమ్ మాత్రం నల్లమట్టి మీద నేరుగా పరుస్తారు. వాన పడి మట్టి ఉబ్బితే కింది నుంచి బీమ్‌ను తోస్తుంది, పిల్లర్లు కదలవు, రెండింటి నడుమ బీమ్ పైకి వంగి మీది గోడ చీలుతుంది. బీమ్ కింద కనీసం మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. ఐఎస్ పుస్తకంలో 80 మిల్లీమీటర్లు అని ఉంది. నేను నాలుగు అంగుళాలు ఉంచాను. నేలను చదును చేసి, నాలుగు అంగుళాల మందం దొడ్డు ఇసుక పరిచి, మీద పాలిథిన్ షీటు వేసి, పక్కలకు సెంట్రింగ్ బిగించి బీమ్ పోయించాను. కాంక్రీటు గట్టిపడి సెంట్రింగ్ విప్పాక, పొడుగాటి కర్రతో ఇసుకను రెండు వైపుల నుంచి లాగేశారు. బయటి వైపు మట్టి ఆ ఖాళీలోకి జారకుండా ఇటుకల్ని సిమెంటు లేకుండా నిలువుగా ఆనించి పెట్టారు, నేల ఉబ్బితే అవి కదులుతాయి తప్ప బీమ్‌ను తోయవు. ఈ ఇసుక లాగే పని ఒక్క పూటది. "ఉంటే ఉండనీ సార్, ఉస్కెనే గదా" అని వదిలేయబోయారు. బిగిసిన ఇసుక కూడా ఉబ్బును పైకి మోసుకొస్తుంది, వదలకూడదు.

ఇంటి లోపల నేల బండలు లేవకుండా ఉండాలంటే అక్కడి నల్లమట్టి సంగతి కూడా చూడాలి. ప్లింత్ లోపల రెండు ఫీట్ల నల్లమట్టి ఎత్తించి, దానికి ప్లింత్ ఎత్తు రెండున్నర ఫీట్లు కలిపి మొత్తం నాలుగున్నర ఫీట్లు మొరంతో నింపాం. దిమ్మిస కొట్టాక అంత మందం నిలవాలంటే అయిదున్నర వేల ఘనపు ఫీట్ల వదులు మొరం కావాలి, ట్రాక్టర్ లెక్కన 55 ట్రిప్పుల దాకా. అంచనా వేసేటప్పుడు చాలామంది మరిచేది ఈ మొరమే. ప్లింత్ రెండున్నర ఫీట్లు రోడ్డు నడిమి మట్టం నుంచి కొలిచాం, ప్లాటు మట్టం నుంచి కాదు. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో చూసినవాళ్లకు ఆ ఎత్తు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. రోడ్డు మళ్లీ వేసిన ప్రతిసారీ ఎంతో కొంత లేస్తుంది, అదీ లెక్కలో పెట్టుకోవాలి.

కాంపౌండ్ గోడకు ఇంత లోతు పునాది ఎవరూ వేయరు. అది కదులుతుందని ముందే ఒప్పుకుని, ఇరవై ఫీట్లకో జాయింటు వదిలితే పగులు అడ్డదిడ్డంగా రాకుండా ఆ జాయింటులోనే తెరుచుకుంటుంది. ఇంటి గోడకు మాత్రం ఎక్కడా ఆనించి కట్టొద్దు.

నీళ్లు ఎటు పోతాయన్నది చివరి పని, అయినా ముందే ప్లానులో గీసుకోవాలి. ఇంటి చుట్టూ నాలుగు ఫీట్ల వెడల్పు వాలు గచ్చు, గోడ నుంచి బయటికి రెండు అంగుళాల వాలు, చివర కాలువ. గచ్చు కింద కూడా ఒక ఫీటు నల్లమట్టి తీసి మొరం పోయాలి. ఇంకుడు గుంత తప్పనిసరిగా ఉండాల్సిందే, కానీ దాన్ని ఇంటి పునాదికి దూరంగా, నల్లమట్టి పొర దాటి మొరంలోకి దించాలి. నల్లమట్టిలోనే ఆపితే నీళ్లు ఇంకవు సరికదా, పక్కనున్న పిల్లర్ల చుట్టూ మట్టిని తడుపుతాయి. సెప్టిక్ ట్యాంకు గోడలకు లోపలా అడుగునా వాటర్‌ప్రూఫ్ పూత వేయించాను, డ్రైనేజీ పైపు గోడ దాటే చోట చుట్టూ అంగుళం ఖాళీ వదిలి మెత్తటి సీలెంటుతో నింపించాను. బిగించి సిమెంటు పూస్తే నేల కదిలినప్పుడు అక్కడే పైపు విరుగుతుంది, విరిగిన పైపు నీళ్లు ఎవరికీ కనిపించకుండా పునాది దగ్గరే నిలుస్తాయి. వేప, రావి లాంటి చెట్లు పెట్టాలనుకుంటే అవి ఎంత ఎత్తు పెరుగుతాయో ఇంటి నుంచి అంత దూరం పెట్టాలి. వేర్లు ఒక పక్క తేమ తాగేస్తే ఆ పక్క మట్టి కుంచించుకుపోతుంది.

పునాది వేశాక ఒక వానాకాలం నాననివ్వాలని మన పెద్దలు చెప్పే మాట ఫుటింగులకు అక్కర్లేదు, అవి గట్టి మొరం మీదే ఉన్నాయి. లోపల నింపిన నాలుగున్నర ఫీట్ల మొరానికి మాత్రం అది ముమ్మాటికీ అవసరం. అందుకే గోడలు, స్లాబులు నడుస్తున్నంత కాలం లోపల నేలను అలాగే వదిలేసి, అది కుంగిన చోటల్లా మొరం మళ్లీ నింపి తొక్కిస్తూ, ఫ్లోరింగ్ బెడ్‌ను అన్నింటికంటే చివర, వానలు వెళ్లాక వేయించాను.